ఇంత గడ్డి, ఒక్క బర్రె లేదు

మనాసస్ యుద్ధభూమిని చూసి మా అమ్మ అన్న మొదటి మాట: "ఇంత గడ్డి పెట్టుకుని ఒక్క బర్రె లేదేంటే అమ్మాయ్!"

జూన్ నెల, పొద్దున ఏడు గంటలు. వర్జీనియాలో ఎండ ఇంకా ముదరలేదు. నడుముదాకా ఎదిగిన గడ్డి మీద మంచు ఆరలేదు. మా అమ్మది పల్నాడు. వేసవిలో పశువుల మేతకు ఊరూరా పడే పాట్లు చూస్తూ పెరిగిన మనిషి. ఆవిడ కళ్లకు ఫిరంగులు ఆనలేదు, గుర్రమెక్కిన సేనాపతి విగ్రహం ఆనలేదు, గడ్డి ఆనింది. ఆ రోజు నవ్వేసి ఊరుకున్నాను. ఆ నేల గురించి తెలుసుకోవాల్సిన అసలు సంగతి ఆ గడ్డిలోనే ఉందని నాకు తెలియడానికి ఇంకో ఏడాది పట్టింది. ఇవాళ మీతో చెప్పబోయేవి ఆ గడ్డి కబుర్లే. టీ కప్పు పక్కన పెట్టుకోండి, కాస్త పొడుగు కథ.

ముందు ఎక్కడున్నామో చెప్పాలి కదా. వాషింగ్టన్ నగరానికి పడమరగా వెళితే సెంటర్‌విల్, చాంటిలీ వస్తాయి. మీ చుట్టాలో స్నేహితులో ఎవరో ఒకరు అక్కడ ఉండే ఉంటారు, అన్ని తెలుగు కుటుంబాలున్నాయి ఆ చుట్టుపక్కల. సెంటర్‌విల్ దాటి కొద్ది మైళ్లు పోతే 29వ నంబరు రోడ్డుకు అటూ ఇటూ ఇళ్లు హఠాత్తుగా ఆగిపోయి, చేలు మొదలవుతాయి. 5,000 ఎకరాలకు పైగా నేల. అమెరికా అంతర్యుద్ధంలో మొదటి పెద్ద పోరు 1861 జులై 21న అక్కడే జరిగింది. ఏడాది తిరిగాక, 1862 ఆగస్టు 28, 29, 30 తేదీల్లో అదే నేల మీద రెండోసారి. దక్షిణాది వాళ్లు దగ్గరున్న ఊరి పేరుతో మనాసస్ అన్నారు, ఉత్తరాది వాళ్లు వాగు పేరుతో బుల్ రన్ అన్నారు. రన్ అంటే పరుగు అనుకునేరు, వర్జీనియాలో రన్ అంటే వాగు.

మొదటి యుద్ధం చూడటానికి వాషింగ్టన్ నుంచి జనం పిక్నిక్ బుట్టలు కట్టుకుని బండ్ల మీద సెంటర్‌విల్ దాకా వచ్చారు, కాంగ్రెస్ సభ్యులతో సహా. ఒక్క పూటలో తేలిపోయే వ్యవహారం అనుకున్నారు. సాయంత్రానికి ఉత్తరాది సైన్యం చెల్లాచెదురై, ఆ బండ్ల మధ్య నుంచే పారిపోయింది. ఆ రోజు ఇరువైపులా కలిపి 900 మంది చనిపోయారు. రెండో యుద్ధంలో 3,300 మంది. మంచాన పడి ఉన్న జూడిత్ హెన్రీ అనే ఎనభై దాటిన ముసలావిడ తన ఇంట్లోనే ఫిరంగి గుండ్లకు బలైంది. సమాధి ఆ ఇంటి పక్కనే ఉంది. అదే గుట్ట మీద జేమ్స్ రాబిన్సన్ అనే స్వతంత్రుడైన నల్లజాతి రైతు ఇల్లు, పొలం ఉండేవి. దేశంలో దాదాపు 40 లక్షల మంది బానిసలుగా ఉన్న కాలంలో తన పేరున సొంత భూమి ఉన్న మనిషి. ఆ ఇంటి పునాది రాళ్ల దగ్గర నిలబడితే, ఆ యుద్ధం ఎందుకు జరిగిందో ఎవరూ విడమరచి చెప్పక్కర్లేదు.

"మన నాగులేరు లాగే ఉందే," అంది అమ్మ వాగు చూసి. పల్నాటి యుద్ధం జరిగిన కారంపూడి నాగులేరు ఒడ్డునే కదా. కార్తీక అమావాస్యకు మొదలయ్యే ఐదు రోజుల వీరుల తిరునాళ్లకు అమ్మ చిన్నప్పుడు మేనమామల భుజాలెక్కి వెళ్లిందట. "అక్కడ వీరులకు గుడి కట్టాం, కొలుపు చేస్తాం. వీళ్లేం చేస్తారు?" అని అడిగింది. గడ్డి పెంచుతారమ్మా అని అప్పుడు చెప్పడానికి నాకు తెలియలేదు.

తెలిసింది మరుసటేడు మే నెలలో. ఒక్కదాన్నే వెళ్లాను, బ్రానర్ ఫార్మ్ వైపు, రెండో యుద్ధం రాజుకున్న చోటికి. కంచె గుంజ మీద ఒక పిట్ట కూర్చుని ఉంది. గోరింకంత ఉంటుంది. రొమ్మంతా పసుపు, దాని మీద నల్లపూసల గొలుసు వేసుకున్నట్టు ఒక నల్లటి గీత, మెడ నుంచి మధ్యకు దిగుతూ. తల ఎత్తి ఈల వేసింది. మూడు నాలుగు స్వరాలు, పైనుంచి కిందికి జారుతూ, చివరి స్వరం గాల్లోనే వదిలేసినట్టు. దాని పేరు ఈస్టర్న్ మెడోలార్క్. పేరులో లార్క్ ఉన్నా మన భరతపక్షికి చుట్టం కాదు.

ఈ పిట్ట చెట్టు మీద గూడు కట్టదు. గడ్డి మొదళ్లలో, నేల మీదే, ఎండు పరకలు అల్లి పైన చిన్న కప్పు వేసుకుని, పక్కన గుమ్మం పెట్టుకుంటుంది. అచ్చం గుడిసె. గుడ్లు పొదగడానికి రెండు వారాలు, పిల్లలు గూడు దాటడానికి ఇంకో పది పన్నెండు రోజులు. అంటే దానికి కావాల్సింది ఒక నెల. ఎవరూ తొక్కని, ఎవరూ కోయని ఒక్క నెల. గ్రాస్‌హాపర్ స్పారో అని ఇంకొకటుంది, గొంతు విప్పితే మిడత చప్పుడే వస్తుంది. అదీ నేల మీదే గూడు పెడుతుంది, దానికి మూడు వారాలు చాలు.

ఇప్పుడు రైతు వైపు నుంచి చూద్దాం. ఎండుగడ్డికి మేలైన అదను ఎప్పుడు? వెన్ను వేసే సమయానికి, మే చివర, జూన్ మొదట్లో. అప్పుడు కోస్తేనే మేతలో బలం ఉంటుంది. నెలా నెలన్నర ఆగితే పరక ముదిరి పీచు మిగులుతుంది. సరిగ్గా ఆ అదనుకే గూళ్లలో పిల్లలు కళ్లు తెరుస్తాయి. కోత యంత్రం ఒక్క పూటలో చేనంతా చుట్టి వస్తుంది. రైతుది పాపం అనను, ఆయన పశువులకు మేత కావాలి, ఆయన అప్పు తీరాలి. కానీ చూడటానికి పచ్చగా, పిట్టలకు అనువుగా కనిపించే చేలే వాటికి ఉచ్చులవుతున్నాయి. ఉత్తర అమెరికాలో 1970 నుంచి దాదాపు 290 కోట్ల పక్షులు తగ్గిపోయాయని 2019లో శాస్త్రవేత్తలు లెక్క తేల్చారు. అన్నిటికంటే ఎక్కువ దెబ్బ తిన్నవి గడ్డిభూముల పిట్టలే. సగానికి పైగా పోయాయి.

అలాంటప్పుడు ఆ గడ్డి మీద బతకాల్సిన అవసరం ఎవరికీ లేని నేల ఎక్కడుంది? యుద్ధభూమిలో ఉంది. 1862లో అవి పచ్చిక బయళ్లు, చేలు. ఎవరు ఏ గట్టు మీద నుంచి ఫిరంగి పేల్చారో, ఎవరు ఏ బయలు దాటుతూ కూలిపోయారో చూసేవాళ్లకు తెలియాలంటే ఆ బయళ్లు బయళ్లుగానే ఉండాలి. అందుకని నేషనల్ పార్క్ సర్వీస్ వాళ్లు వాటిని అడవి కానివ్వకుండా కాస్తారు. కొన్ని చేలను చుట్టుపక్కల రైతులకు కోసుకోవడానికి ఇస్తారు. మిగతా చోట్ల గూళ్ల కాలం దాటేదాకా, ఆగస్టు దాకా, కోత ఆపుతారు. చనిపోయినవాళ్ల జ్ఞాపకం కోసం కాపాడిన బయలు అది. పిట్టల కోసమని మొదట్లో ఎవరూ అనుకోలేదు. అవే వెతుక్కుని వచ్చాయి.

అమ్మకు ఫోన్ చేసి చెప్పాను. "అదీ సంగతి! అందుకా బర్రెలు లేనిది," అంది.

ఇక చెట్ల గొడవ. ఈ ముక్క చెప్పకుండా దాటేస్తే మీతో నిజాయితీగా ఉన్నట్టు కాదు.

డీప్ కట్ అని ఒక చోటుంది. 1862 ఆగస్టు 30 మధ్యాహ్నం ఉత్తరాది సైనికులు వేల మంది ఒక బయలు దాటి, కట్టడం సగంలో ఆగిపోయిన రైలు కట్ట మీదికి ఎదురెక్కారు. కట్ట వెనక దక్షిణాది సేనాని జాక్సన్ మనుషులు, పక్క గట్టు మీద ఫిరంగులు. ఆ బయలే వాళ్ల ప్రాణం తీసింది. దాగడానికి ఒక్క పొద లేదు. తర్వాత కాలంలో సేద్యం ఆగి అక్కడ అడవి పెరిగింది. మొదట ఎర్ర సెడార్, పైన్ మొలిచాయి, వాటి నీడన ఓక్, హికరీ. ఇరవై ఏళ్ల కిందట అక్కడ నిలబడితే చెట్లు తప్ప ఏమీ కనిపించేది కాదట. 2007 ప్రాంతంలో పార్కువాళ్లు వంద ఎకరాలకు పైగా ఆ అడవిని కొట్టేశారు.

ఈ సంగతి మొదట చదివినప్పుడు నా కడుపులో దేవింది. పండ్లిచ్చే చెట్టు కొట్టాలన్నా దణ్ణం పెట్టి మొదలెట్టే ఇంట్లో పుట్టినదాన్ని. చరిత్ర కనబడటానికి వంద ఎకరాల చెట్లు కొట్టడమేమిటి? ఆ అడవిలోనూ పిట్టలుండేవి, వుడ్ థ్రష్‌లు, గుడ్లగూబలు. వాటి గూళ్ల సంగతో? ఈ ప్రశ్న నన్ను ఇప్పటికీ పూర్తిగా వదల్లేదు. ఒకటి మాత్రం గమనించాను. మా చుట్టుపక్కల కౌంటీల్లో చెట్లున్న లోయలు ఇంకా కొన్ని మిగిలాయి. విశాలమైన గడ్డి బయలు మాత్రం వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. బయలైన ప్రతి జాగాలోనూ ఇళ్లు లేచాయి, మా ఇల్లూ అందులో ఒకటి. ఇవాళ డీప్ కట్ దగ్గర స్థానిక జాతి గడ్డి పెరుగుతోంది. లిటిల్ బ్లూస్టెమ్ అని ఒకటుంది, శరదృతువులో రాగి చెంబు తోమినట్టు మెరుస్తుంది. ఆ ఎరుపులోంచి నడుస్తుంటే, ఆ రోజు దాగడానికేమీ దొరకని కుర్రాళ్లు ఎంత దూరం నడవాల్సి వచ్చిందో కాళ్లకు తెలుస్తుంది. అది పుస్తకం చదివితే తెలిసేది కాదు.

అన్ని చోట్లా ఇదే దారి పట్టలేదు. ఫ్రాన్సులో వెర్దున్ దగ్గర 1916లో గుండ్లు నేలను ఎంత ఛిద్రం చేశాయంటే, మళ్లీ సేద్యం సాధ్యం కాక అడవి నాటేశారు. ఆ గుండ్ల గుంతల్లో వాననీళ్లు నిలిచి, పసుపు పొట్ట కప్పలు అక్కడ సంసారం పెట్టాయి. ఒక చోట అడవి నాటారు, ఒక చోట అడవి కొట్టారు. రెండు చోట్లా ఏదో ఒక ప్రాణి అడక్కుండానే వచ్చి చేరింది.

చెట్ల మాట వచ్చింది కాబట్టి సాక్షి చెట్ల గురించి చెప్పకుండా ఉండలేను. యుద్ధం నాటికే ఉండి, ఇప్పటికీ బతికున్న చెట్లను ఇక్కడ అలాగే పిలుస్తారు. మేరీలాండ్‌లో ఆంటీటమ్ అనే చోట 1862 సెప్టెంబర్ 17న ఒక్క రోజులో 23,000 మంది దాకా చనిపోవడమో, గాయపడటమో, గల్లంతవడమో జరిగింది. అక్కడి బర్న్‌సైడ్ వంతెన పక్కన ఒక సికమోర్ చెట్టుంది. యుద్ధమైన రోజుల్లోనే అలెగ్జాండర్ గార్డ్‌నర్ తీసిన ఫోటోలో ఆ చెట్టు సన్నటి కుర్ర చెట్టు, వంతెన గోడకు ఆనుకుని. ఇప్పుడు దాని కొమ్మలు వంతెన మీదికి గొడుగు పట్టాయి. ఆ ఫోటో ఫోన్‌లో పెట్టుకుని నేను ఆ చెట్టు కింద గంటసేపు కూర్చున్నాను. రెండూ మార్చి మార్చి చూశాను. తెల్లటి బెరడు పెచ్చులుగా ఊడుతుంటుంది దానికి, ఒక ముక్క ఒళ్లో పడితే అక్కడే వదిలేసి వచ్చాను.

చావుకు చిక్కిన చెట్లూ ఉన్నాయి. స్పాట్సిల్వేనియా యుద్ధంలో 1864 మే 12న తూటాలు ఎంత దట్టంగా పడ్డాయంటే 22 అంగుళాల మందం ఓక్ చెట్టు కేవలం తుపాకీ గుండ్లకే తెగి కూలింది. దాని మోడు ఇప్పటికీ వాషింగ్టన్‌లోని స్మిత్సోనియన్ సంస్థ దగ్గర ఉంది. ఇంకో యుద్ధభూమి గెటిస్‌బర్గ్‌లో కల్ప్స్ హిల్ మీద 2011లో ఒక ఓక్ పడిపోతే, రంపంతో కోసేటప్పుడు కాండం లోపల తూటాలు కనబడ్డాయి. గాయం మీద గాయం కప్పుకుంటూ దాదాపు నూటయాభై ఏళ్లు ఆకులు వేసింది ఆ చెట్టు.

మనాసస్‌దే ఇంకో సంగతి. 2014లో అక్కడ పైపు కోసం కందకం తవ్వుతుంటే ఎముకలు బయటపడ్డాయి. అప్పటి సైనిక వైద్యుడు కోసి తీసేసిన కాళ్లూ చేతులూ పూడ్చిన గొయ్యి అది. వాటితోపాటు ఇద్దరు సైనికుల అస్థిపంజరాలున్నాయి, ఉత్తరాది వాళ్లవి. పేర్లు తెలియలేదు. ఒకరి తొడ ఎముకలో తూటా ఇంకా దిగబడే ఉంది. 2018 సెప్టెంబర్‌లో ఆ ఇద్దరినీ ఆర్లింగ్టన్ జాతీయ శ్మశానంలో ఖననం చేశారు. శవపేటికలు చేయడానికి మనాసస్ యుద్ధభూమిలోనే పడిపోయిన ఒక చెట్టు కలప వాడారు. ఈ ముక్క చెబితే అమ్మ చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత "ఎవరికి తట్టిందో ఆ ఆలోచన, వాళ్లు చల్లగా ఉండాలి," అంది.

జింకల దగ్గరికి వద్దాం. పిల్లలకు ఇష్టమైనవి, పార్కువాళ్లకు తలనొప్పి. తెల్ల తోక జింక. అలికిడైతే తోక జెండాలా ఎత్తి, గడ్డి మీంచి మూడు గంతుల్లో మాయం. వాటిని వేటాడే తోడేళ్లు, కూగర్లు ఈ ప్రాంతంలో ఏనాడో పోయాయి. పార్కులో మనిషి వేట నిషిద్ధం. మంద పెరిగింది. గెటిస్‌బర్గ్‌లో మొలిచిన ప్రతి ఓక్ మొక్కనూ కొరికేస్తూ, చేలలో మొక్కజొన్ననూ తినేస్తుంటే, ముసలి చెట్లు పడ్డాక వాటి చోట లేచే చెట్టు లేకుండా పోయే పరిస్థితి వచ్చింది. 1995లో పార్కు ఉద్యోగులే రాత్రిళ్లు కొన్నిటిని కాల్చడం మొదలుపెట్టారు. మాంసం ఆకలిగొన్నవాళ్లకు తిండి పంచే సంస్థలకు పోతుంది. ఊళ్లో కొందరు కోర్టుకెక్కారు, కోర్టు పార్కు వైపే తీర్పు చెప్పింది. మనాసస్, ఆంటీటమ్‌లలోనూ తర్వాత ఇదే పద్ధతి వచ్చింది. అంతమంది కుర్రాళ్లు తుపాకులకు కూలిన చోట మళ్లీ తుపాకీ మోతా అని ఎవరైనా బాధపడితే నాకు అర్థమవుతుంది. మొక్క మొలవని అడవిని చూశాక మాత్రం కోర్టు తీర్పే సరైనదనిపించింది.

గెటిస్‌బర్గ్ అంటే నాకు రాబందులు గుర్తొస్తాయి. చలికాలం సాయంత్రాల్లో రౌండ్ టాప్ గుట్టల వైపు వందల కొద్దీ గద్దలంత, గద్దల్ని మించిన ఆకారాలు రెక్కలు చాపి దిగుతుంటాయి. టర్కీ వల్చర్లు, బ్లాక్ వల్చర్లు. యుద్ధంలో చచ్చిన వేల గుర్రాల కోసం వచ్చిన గుంపు తాలూకు మనవలే ఇవని అక్కడివాళ్లు కథగా చెబుతారు. మన పాత కావ్యాల్లో రణరంగం అనగానే గద్దలు, నక్కలు వచ్చేస్తాయి కదా, అలాగే ఈ కథా పుట్టి ఉంటుంది. నా మనసు మాత్రం ఇటు లాగింది. మన దేశంలో పశువులకు వాడిన డైక్లోఫెనాక్ అనే నొప్పి మందు వల్ల, ఆ కళేబరాలు తిన్న రాబందులు కోట్లలో చచ్చిపోయాయి. 2006లో పశువులకు ఆ మందు నిషేధించేసరికే ఆలస్యమైంది. అమ్మ చిన్నప్పుడు ఊరి చివర చూసిన రాబందుల్ని నేను ఒక్కసారీ చూడలేదు. 2013లో ఆసిఫాబాద్ వైపు బెజ్జూరు అడవుల్లో పాలరాపు గుట్ట మీద పొడుగు ముక్కు రాబందుల గూళ్లు కనబడ్డాయన్న కబురు నేను గెటిస్‌బర్గ్ ఆకాశం కింద నిలబడి తలచుకున్నాను. అమెరికా రాబందులు వేరే కుటుంబానివి, మన వాటికి దగ్గరి బంధువులు కావు. అయినా అన్ని రెక్కలు ఒక్కసారి చూసేసరికి కళ్లు చెమర్చాయి.

దూరపు చుట్టరికం నిజంగా ఉన్నది ఒక మొక్కకు. మనాసస్ చేలలో మిల్క్‌వీడ్ పెరుగుతుంది. ఆకు తుంచితే పాలు. కాయ పగిలితే పట్టులాంటి దూది, ఒక్కో దూదికి ఒక గింజ కట్టుకుని గాల్లోకి లేస్తుంది. చూడగానే అమ్మ, "జిల్లేడే ఇది!" అంది. దాదాపు అంతే. రెండూ ఒకే కుటుంబం మొక్కలు. మొనార్క్ సీతాకోకచిలుక గొంగళి పురుగుకు మిల్క్‌వీడ్ ఆకు తప్ప వేరే తిండి పనికిరాదు, మన జిల్లేడు మీద పెరిగే ప్లెయిన్ టైగర్ దానికి దాయాదే. వినాయకచవితికి జిల్లేడాకు కోసే అలవాటున్న చెయ్యి కాబట్టి అమ్మ ఒక ఆకు కోయబోయింది. పార్కులో ఏదీ తెంపకూడదమ్మా అన్నాను. చేయి వెనక్కి తీసుకుని, దూదిని మాత్రం ఊదింది.

ఇక చివరి సంగతి, నాకు నిద్ర పట్టనివ్వనిది. ఈ నేల ఇలా ఉండటం దానంతట అది జరగలేదు. 1988లో ఈ యుద్ధభూమిని ఆనుకుని, రెండో యుద్ధంలో దక్షిణాది సేనాపతి రాబర్ట్ లీ మకాం చేసిన గుట్ట మీద, పెద్ద షాపింగ్ మాల్ కట్టబోయారు. జనం గొడవ చేస్తే కాంగ్రెస్ చట్టం చేసి 500 ఎకరాలకు పైగా కొని పార్కులో కలిపింది. 1993లో డిస్నీ కంపెనీ దగ్గరలోని హేమార్కెట్ ఊళ్లో చరిత్ర మీద ఒక పెద్ద వినోద పార్కు పెడతామంది. మరుసటేడు వెనక్కి తగ్గింది. ఇప్పుడు డేటా సెంటర్లు. పార్కు పడమటి అంచున సుమారు 2,000 ఎకరాల్లో డేటా సెంటర్ల వరస కట్టడానికి 2023 డిసెంబర్‌లో కౌంటీ అనుమతి ఇచ్చింది. ఊళ్లోవాళ్లు కోర్టుకు వెళ్లారు. 2025 ఆగస్టులో ఒక జడ్జి ఆ అనుమతి చెల్లదన్నారు.

నేను, నా భర్త ఇద్దరం బతికేది ఆ కంప్యూటర్ల మీదే. ఈ ప్రాంతంలో సగం మంది తెలుగువాళ్లం అంతే. మనకు పని లేని వ్యవహారం అని పక్కకు తప్పుకోవడానికి లేదు, మనమే ఇక్కడి ఓటర్లం, మన పిల్లలే ఈ బడుల్లో చదువుతున్నారు. కౌంటీ బహిరంగ విచారణలో నేను మూడు నిమిషాలు మాట్లాడాను. ఏం మాట్లాడానో తర్వాత గుర్తు లేదు, నల్లపూసల పిట్ట గురించి చెప్పానని మాత్రం గుర్తుంది. కట్టాల్సినవి కట్టుకుందాం, ఆ అంచున వద్దు అన్నాను. ఇప్పటికీ అదే అంటాను.

మీరెప్పుడైనా ఇటు వస్తే, మే చివరో జూన్ మొదట్లోనో, పొద్దున ఎనిమిదికి ముందే రండి. ఎండెక్కితే పిట్టలు గొంతు దాచేస్తాయి. దారి వదిలి గడ్డిలోకి దిగకండి, గూడు మీద అడుగేస్తున్నామని కూడా మనకు తెలియదు. పొడుగు మేజోళ్లు వేసుకుని, ప్యాంటు అంచు వాటిలోకి దోపుకోండి. జింకలున్న చోట గోమార్లుంటాయి, కొందరు పిడుదులంటారు, వాటి కాటుతో లైమ్ జబ్బు వస్తుంది. ఇంటికెళ్లగానే మోకాళ్ల వెనక, మెడ దగ్గర చూసుకోండి.

అమ్మకు ఈ ఏడాది ప్రయాణం కుదరలేదు, మోకాళ్లు సహకరించడం లేదు. ఆగస్టు వస్తే మాత్రం పల్నాడు నుంచి ఫోన్ చేసి అడుగుతుంది, "కోశారా?" అని. ఇంకా లేదమ్మా, ఒక గూడు ఆలస్యమైనట్టుంది అంటాను. "ఉండనీ, ఉండనీ," అంటుంది.